ఎర్ర త్రిభుజం కనిపిస్తే ముందు తేదీ చూడు

ఉరవకొండ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంది. వారం నుంచి ఏ సైట్ తెరిచినా ఎర్ర త్రిభుజం, 'యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్' అని వస్తోంది. అక్క హాల్‌టికెట్ తీయాలి, నాన్న బ్యాంకు ఖాతా చూడాలి. ఇక్కడ నెట్ సెంటర్‌లో అన్న అయితే అడ్వాన్స్‌డ్ నొక్కి, ప్రొసీడ్ నొక్కి పని కానిచ్చేస్తాడు. నేనూ అట్లాగే చేయొచ్చా? వైరస్ ఏమైనా పడిందా?"

తమ్ముడూ, ఇంకేమీ ముట్టుకోకుండా స్క్రీన్ కింద కుడి మూలన చూడు. టైమ్ కాదు, తేదీ చూడు, సంవత్సరం చూడు. "ఏ సైట్ తెరిచినా" అన్నావే, ఆ ఒక్క మాటతో నాకు సగం విషయం తెలిసిపోయింది. ఒక్క సైట్‌లోనే వస్తే తప్పు ఆ సైట్ వాళ్లది కావచ్చు. అన్నింట్లోనూ వస్తుంటే తప్పు నీ సిస్టమ్‌లో ఉన్నట్టు, లేదా నువ్వు వాడే నెట్‌లో ఉన్నట్టు.

అనంతపురంలో టవర్ క్లాక్‌కు దగ్గర్లో పద్దెనిమిదేళ్లుగా నెట్ సెంటర్, రిపేర్ షాపు రెండూ నడుపుతున్నా. పాత డెస్క్‌టాప్ పట్టుకొచ్చి "అన్నా, నెట్ వస్తోంది కానీ ఏ సైటూ తెరుచుకోవడం లేదు" అన్నవాళ్లలో ఎక్కువ మందికి పోయింది ఒక చిన్న బ్యాటరీ. క్యాబినెట్ పక్క రేకు తీస్తే మదర్‌బోర్డు మీద పాత రూపాయి బిళ్లంత వెండి రంగు సెల్ కనిపిస్తుంది. దాని మీద సీఆర్ 2032, 3 వోల్టులు అని ఉంటుంది. కరెంటు లేనప్పుడు కూడా కంప్యూటర్‌లో గడియారం ఆగకుండా నడిపేది అదే. కొన్నేళ్లకు దాని శక్తి అయిపోతుంది. అప్పటి నుంచి స్విచ్ తీసిన ప్రతిసారీ తేదీ ఆ బోర్డు తయారైన కాలానికి వెళ్లిపోతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక సిస్టమ్ 2009 జనవరి 1 చూపిస్తూ కూర్చుంది. ఆ ఇంటాయన దాన్ని ఫార్మాట్ కూడా చేయించి వచ్చాడు పాపం. పిల్లల ఫొటోలన్నీ పోయాయి, వార్నింగ్ మాత్రం పోలేదు. సెల్ మార్చి, తేదీ సరిచేస్తే అయిదు నిమిషాల్లో అన్ని సైట్లూ తెరుచుకున్నాయి. అందుకే ఫార్మాట్ మాట ఎత్తకముందే తేదీ చూడమంటున్నా.

ఆన్ చేయగానే నల్ల స్క్రీన్ మీద "సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, ప్రెస్ ఎఫ్1" లాంటిది కనిపిస్తుంటే చాలావరకు సెల్ పోయినట్టే. ప్లగ్ పూర్తిగా తీసేసి, సెల్ పక్కన ఉండే చిన్న కొక్కేన్ని వేలితో నొక్కితే అది పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టు. తర్వాత విండోస్‌లో తేదీ సరిచేసి, టైమ్ జోన్ దగ్గర "చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ" అన్న వరుస ఉందో లేదో చూడు. పక్కనే సింక్ నౌ అన్న బటన్ ఉంటే అది కూడా నొక్కు.

తేదీకీ సైట్‌కీ సంబంధం ఏమిటని అడుగుతావు. ఒకప్పుడు ఏ ఉద్యోగానికి అప్లై చేసినా మార్కుల లిస్టు జిరాక్సు మీద గెజిటెడ్ ఆఫీసర్ సంతకం పెట్టించేవాళ్లం కదా, పచ్చ ఇంకుతో సంతకం, పక్కన గుండ్రటి సీలు. ఆ కాగితం తీసుకునే గుమాస్తాకు నువ్వెవరో తెలియదు. సంతకం పెట్టిన ఆఫీసర్ మీద నమ్మకంతో నిన్ను ఒప్పుకుంటాడు. బ్రౌజర్ చేసేది ఆ గుమాస్తా పనే. ప్రతి సైట్ తన సర్టిఫికెట్ చూపిస్తుంది. అందులో సైట్ పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుందో, ఎవరు సంతకం చేశారో ఉంటాయి. సంతకం చేసే సంస్థల్లో తాను నమ్మేవాటి జాబితా బ్రౌజర్ దగ్గరో విండోస్ దగ్గరో ముందే ఉంటుంది. పేరు కలిసిందా, గడువు లోపల ఉందా, సంతకం తెలిసినవాళ్లదేనా అని చూస్తుంది. ఈ మూడింటిలో ఏది తేడా వచ్చినా ఎర్ర త్రిభుజం చూపిస్తుంది. నీ కంప్యూటర్ ఇంకా 2009లోనే ఉన్నాననుకుంటే, పోయిన నెల ఇచ్చిన సర్టిఫికెట్ దాని లెక్కలో ఇంకా పుట్టనే లేదు. అందుకే అన్ని సైట్లనూ కాదంటుంది. క్రోమ్ ఒక్కోసారి ఈ సంగతి తానే పట్టుకుని "యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్" అని నేరుగా చెబుతుంది కూడా.

కాబట్టి ఇది వైరస్ వార్త కాదు. "అవతల ఉన్నది నువ్వనుకున్నవాళ్లేనని నేను తేల్చుకోలేకపోయాను" అని బ్రౌజర్ చెబుతోంది, అంతే. సైట్ దొంగదని తేల్చి చెప్పడం లేదు, మంచిదనీ చెప్పడం లేదు. మనం పంపేదంతా గుట్టుగానే వెళ్తుంది కదా అంటావేమో. డబ్బు పెట్టెకు గట్టి తాళం వేసి, ఆ పెట్టెను ఎవరో తెలియని మనిషి చేతికి తాళంచెవితో సహా ఇచ్చినట్టే అది.

ఆ పేజీలో చిన్న అక్షరాలతో ఒక కోడ్ ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు, కానీ అసలు సమాచారమంతా అందులోనే ఉంది. "సర్ట్ డేట్ ఇన్‌వాలిడ్" అని ఉంటే తేదీ గొడవ. నీ గడియారమన్నా తప్పు, లేదా సైట్ వాళ్లు గడువు దాటినా కొత్తది పెట్టుకోలేదు. "కామన్ నేమ్ ఇన్‌వాలిడ్" అంటే పేరు కలవలేదు. ముందున్న డబ్ల్యూ డబ్ల్యూ డబ్ల్యూ తీసేసినా, పెట్టినా ఒక్కోసారి సరిపోతుంది. కానీ అడ్రస్‌లో ఒక అక్షరం తప్పు కొట్టినా, ఎవరైనా నిన్ను వేరే చోటికి మళ్లించినా కూడా ఇదే వస్తుంది. "అథారిటీ ఇన్‌వాలిడ్" అంటే సంతకం చేసింది ఎవరో తెలియదు. మూడింటిలో నేను ఎక్కువ జాగ్రత్తపడేది దీనికే. మధ్యలో ఎవరైనా చొరబడి తమ సర్టిఫికెట్ చూపిస్తే సాధారణంగా కనిపించే కోడ్ ఇదే. "రివోక్డ్" అని ఉంటే ఇచ్చినవాళ్లే దాన్ని రద్దు చేశారని అర్థం. ఇక ఆ సైట్ జోలికి పోవద్దు.

నీ తేదీ సరిగ్గానే ఉంటే తర్వాత చూడాల్సింది విండోస్ ఎంత పాతదో. విండోస్ 7 మీద క్రోమ్ 109తో ఆగిపోయింది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 10 కావాల్సిందే. పాత సిస్టమ్‌లో నమ్మకస్తుల జాబితా కూడా పాతబడిపోతుంది. బదిలీ అయి వచ్చిన కొత్త ఆఫీసర్ సంతకాన్ని పాత గుమాస్తా గుర్తుపట్టనట్టే ఉంటుంది. 2021 సెప్టెంబర్ 30న ఇది చాలామందికి ఒకేసారి ఎదురైంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా సర్టిఫికెట్లు ఇస్తుంది, చిన్నాపెద్దా సైట్లు లెక్కలేనన్ని వాటి మీదే నడుస్తాయి. పాత పరికరాలు వాటిని నమ్మింది ఇంకో సంస్థ మూల సర్టిఫికెట్ (నమ్మకస్తుల జాబితాలో ఉండే అసలు సర్టిఫికెట్) ఆధారంగా. ఆ మూలం గడువు ఆ రోజుతో తీరిపోయింది. కొత్త మూలం తెలియని పాత కంప్యూటర్లు, పాత ఐఫోన్లు రాత్రికి రాత్రి మొండికేశాయి. ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ఫోన్లను ఇంకో ఏర్పాటుతో కొంతకాలం నడిపించారు, 2024లో అదీ ముగిసింది. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర అట్లాంటి ఫోన్ ఉండి "ఈ సైట్ రావడం లేదు" అంటుంటే కారణం ఇదే కావచ్చు. రీఛార్జ్ వేస్తే పోయేది కాదు. ఆ ఫోన్‌లో బ్యాంకు పనులు మాత్రం చేయనివ్వకు.

యాంటీవైరస్ కూడా ఒక కారణం. కొన్ని యాంటీవైరస్‌లు లోపలికి వచ్చేదంతా పరీక్షించడానికి మధ్యలో కూర్చుని, సైట్ సర్టిఫికెట్ బదులు తమది చూపిస్తాయి. లైసెన్స్ అయిపోయినా, సగం తీసేసినా, అప్‌డేట్ చెడిపోయినా అన్ని సైట్లూ ఆగిపోతాయి. దాని సెట్టింగ్స్‌లో హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ అన్నది ఆపి చూడు. అంతే.

ఇక వైఫై సంగతి. గుంతకల్లు జంక్షన్‌లో రైలు కోసం కూర్చున్నావనుకో, లేదా లాడ్జిలో దిగావనుకో. వైఫై కలుస్తుంది, సైట్ తెరిస్తే ఎర్ర త్రిభుజం. అక్కడ చాలాసార్లు జరిగేది ఏమిటంటే, ఫోన్ నంబరు, ఓటీపీ ఇచ్చేదాకా ఆ నెట్ నిన్ను ఎక్కడికీ పోనివ్వదు. నువ్వు ఏ సైట్ అడిగినా తన లాగిన్ పేజీకి లాక్కుపోవాలని చూస్తుంది. పేరు కలవక బ్రౌజర్ అరుస్తుంది. ప్రొసీడ్ నొక్కకుండా, ఫోన్ పైన వచ్చే "సైన్ ఇన్ టు నెట్‌వర్క్" నోటిఫికేషన్ నొక్కి లాగిన్ అవ్వు. లాగిన్ అయ్యాక కూడా వార్నింగ్ పోకపోతే ఆ వైఫై వదిలేసి నీ మొబైల్ డేటాకు వచ్చేయ్. మొబైల్ డేటాలో అదే సైట్ చక్కగా తెరుచుకుంటే గొడవ ఆ వైఫైలోనే ఉందని తేలిపోయినట్టు. ఈ ఒక్క పరీక్ష నేర్చుకుంటే చాలా టెన్షన్ తగ్గుతుంది.

కాలేజీ హాస్టళ్లలో, కొన్ని ఆఫీసుల్లో "ఈ సర్టిఫికెట్ మీ ఫోన్‌లో వేసుకోండి, అప్పుడే నెట్ వస్తుంది" అంటారు. అది వేసుకుంటే ఆ నెట్ నడిపేవాళ్లు కావాలనుకుంటే నీ రాకపోకలన్నీ విప్పి చూడగలరు. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ అయితే అది వాళ్ల హక్కు. సొంత ఫోన్‌లో మాత్రం నేనైతే వేయను, మా పిల్లల్నీ వేయనివ్వను.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, ప్రొసీడ్ నొక్కొచ్చా అన్నది. నొక్కొచ్చు, కానీ చాలా తక్కువ చోట్ల. రౌటర్ సెట్టింగ్స్ కోసం 192.168.1.1 తెరిచినప్పుడు వస్తే నొక్కు. అది నీ ఇంట్లో గోడకున్న డబ్బా, బయటి సంస్థ ఏదీ దానికి సంతకం చేయదు. జీఎస్‌టీ పనికి డిజిటల్ సిగ్నేచర్ వాడేవాళ్లకు ఈఎంసైనర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, దానికోసం బ్రౌజర్‌లో 127.0.0.1 అన్న అడ్రస్ తెరిచి ప్రొసీడ్ నొక్కమంటారు. ఆ అంకెలకు "ఈ కంప్యూటరే" అని అర్థం. నీతో నువ్వే మాట్లాడుకుంటున్నప్పుడు మధ్యలో దొంగ ఎక్కడి నుంచి వస్తాడు? అక్కడ కూడా అడ్రస్ సరిగ్గా అవే అంకెలేనని చూసుకుని నొక్కాలి.

ఏదో శాఖ సైట్‌లో సర్టిఫికెట్ గడువు నిన్నటితో అయిపోయింది, నువ్వు ఒక నోటిఫికేషన్ చదువుకోవాలి, అంతే. గడువు తేదీ నిన్నటిదేనని సర్టిఫికెట్ తెరిచి చూసుకుని, మొబైల్ డేటా మీద, ఇన్‌కాగ్నిటో విండోలో (నీ పాత లాగిన్లేవీ ఉండని విండో అది) చదువుకుంటే నేను తప్పు పట్టను. ఇన్‌కాగ్నిటో ఎందుకంటే, మామూలు విండోలో ఆ సైట్‌లో నువ్వు ముందే లాగిన్ అయి ఉంటే, ప్రొసీడ్ నొక్కగానే ఆ లాగిన్ గుర్తు కూడా అవతలికి వెళ్లిపోతుంది. "చదవడానికే కదా" అనుకున్నవాళ్లు దీన్ని మరిచిపోతారు. అక్కడి నుంచి ఏ ఫైలూ దించుకోవద్దు, ఏమీ టైప్ చేయొద్దు. ఇంకో సంగతి, ఒకసారి ప్రొసీడ్ నొక్కితే క్రోమ్ దాన్ని కొన్ని రోజులు గుర్తుపెట్టుకుంటుంది, మళ్లీ అడగదు. నెట్ సెంటర్‌లో నీకంటే ముందు కూర్చున్నవాళ్లు నొక్కి ఉంటే నీకు వార్నింగే కనిపించకపోవచ్చు. అడ్రస్ పక్కన ఎర్రగా "నాట్ సెక్యూర్" అని మాత్రం ఉంటుంది. అందుకే వేరేవాళ్ల సిస్టమ్ ముందు కూర్చున్నప్పుడు ముందు అడ్రస్ వరస చూడు.

గడువు మరిచిపోయే సైట్లు ఇకమీదట ఇంకా ఎక్కువ కనిపిస్తాయని నా అంచనా. 2020 సెప్టెంబర్ నుంచి 2026 మార్చి 14 దాకా సర్టిఫికెట్ గడువు ఎక్కువలో ఎక్కువ 398 రోజులు. 2025 ఏప్రిల్‌లో బ్రౌజర్ కంపెనీలు, సర్టిఫికెట్ సంస్థలు కలిసి దాన్ని ఇంకా తగ్గించాలని తీర్మానించాయి. 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి నుంచి 100, 2029 మార్చి నుంచి 47. సర్టిఫికెట్ దానంతటదే మారేలా ఏర్పాటు చేసుకున్నవాళ్లకు ఇబ్బంది ఉండదు. ఏడాదికోసారి ఎవరో గుర్తుపెట్టుకుని చేతితో మార్చే చోట మాత్రం శనివారం గడువు తీరితే సోమవారం దాకా పట్టించుకునేవాళ్లుండరు.

బ్యాంకు, ఆధార్, పాన్, ఓటీపీ అడిగే ఏ పేజీలోనైనా ప్రొసీడ్ అన్న మాటే మరిచిపో. చాలా సైట్లలో నువ్వు నొక్కుదామన్నా ఆ బటనే ఉండదు. మా సైట్‌ను గట్టి భద్రతతో తప్ప తెరవొద్దని వాళ్లు బ్రౌజర్‌కు ముందే చెప్పి పెడతారు. "ప్రొసీడ్ రావడం లేదన్నా, ఎట్లా పోవాలి?" అని దాటే దారి అడుగుతుంటారు నన్ను. ఆ దారి నేను చెప్పను.

ఇదంతా ఎందుకు ఇంత పట్టుగా చెబుతున్నానంటే, మీ ఊరి నెట్ సెంటర్ అన్న చేసేదే నేనూ చాలా ఏళ్లు చేశాను. అడంగల్ కోసమో, పంట బీమాలో పేరు చూసుకోవడానికో వేరుశనగ రైతులు వరసలో నిలబడి ఉండేవాళ్లు. సైట్ వార్నింగ్ ఇస్తే టకటకా నొక్కేసి ప్రింట్ తీసిచ్చేవాణ్ని. ఒకరోజు రోజూ వచ్చే పిల్లవాడు బ్యాంకు పేజీలో కూడా అదే చేయబోయాడు. చేయి పట్టుకుని ఆపాను. "నువ్వే కదన్నా నేర్పించింది" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి మా షాపులో ఎవరూ కోడ్ చదవకుండా ముందుకు పోరు, నా దగ్గర పనిచేసే పిల్లలతో సహా.

సంతకం చేసే సంస్థలు కూడా ఒక్కోసారి దెబ్బతింటాయి. 2011లో నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అనే సంస్థలోకి దొంగలు చొరబడి గూగుల్ పేరుతోనే నకిలీ సర్టిఫికెట్లు పుట్టించారు. బ్రౌజర్లన్నీ దాన్ని జాబితాలోంచి తీసేశాయి, ఆ సెప్టెంబర్‌లోనే సంస్థ దివాలా తీసింది. 2014 జూలైలో మన దేశంలోనే, నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ జారీ చేసే సర్టిఫికెట్లలో గూగుల్ డొమైన్ల పేరిట అనుమతి లేనివి బయటపడ్డాయి. ఇట్లాంటి సంస్థలకు పైన ఉండే ప్రభుత్వ అధికార సంస్థ సీసీఏ వాటిని రద్దు చేసింది, క్రోమ్ కూడా సీసీఏ మూల సర్టిఫికెట్‌కు హద్దులు పెట్టింది. ఆ మూల సర్టిఫికెట్ విండోస్ జాబితాలో ఉండేది, ఫైర్‌ఫాక్స్ జాబితాలో లేదు. బ్రౌజర్‌ను అప్‌డేట్ చేయమని నేను పోరేది ఇందుకే. ఎవరి సంతకం ఇక చెల్లదో ఆ కబురు వచ్చేది అప్‌డేట్లలోనే.

వార్నింగ్ రాలేదంటే సైట్ మంచిదనుకోవడం ఇంకో పెద్ద పొరపాటు. రిటైరైన టీచర్ ఒకాయన మా షాపుకు వచ్చాడు. "ఈ రాత్రికి మీ కరెంటు తీసేస్తాం, బిల్లు కట్టండి" అని మెసేజ్, కింద లింకు. నొక్కి కార్డు వివరాలు ఇచ్చేశాడు, డబ్బు పోయింది. "తాళం గుర్తు ఉంది బాబూ, చూసే చేశాను" అన్నాడు వణుకుతున్న చేతులతో ఫోన్ చూపిస్తూ. నిజమే, తాళం ఉంది. కానీ సర్టిఫికెట్ ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చు, దొంగ కూడా. గెజిటెడ్ ఆఫీసర్ పచ్చ సంతకం పేరు సరైనదని చెబుతుంది కానీ మనిషి గుణం చెప్పదు కదా. ఈ పొరపాటు చాలామంది చేస్తున్నారనే క్రోమ్ 2023 సెప్టెంబర్‌లో ఆ తాళం గుర్తే తీసేసి వేరే గుర్తు పెట్టింది. ఆ టీచర్‌చేత అప్పటికప్పుడు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టించాను. ఇట్లాంటిది జరిగితే ఎంత త్వరగా 1930కి చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

బ్యాంకుల విషయంలో ఇప్పుడు ఒక మంచి ఆనవాలు వచ్చింది. రిజర్వ్ బ్యాంక్ ఆదేశం ప్రకారం బ్యాంకులు 2025 అక్టోబర్ 31లోగా తమ సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగిసే అడ్రస్‌కు మార్చుకోవాల్సి వచ్చింది. ఆ పేర్లు బ్యాంకులకు తప్ప వేరెవరికీ ఇవ్వరు, ఇచ్చేది రిజర్వ్ బ్యాంక్ స్థాపించిన, హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కటే. మీ నాన్నకు బ్యాంకు సైట్ తెరిచిపెట్టేటప్పుడు అడ్రస్ చివర అది ఉందో లేదో చూపించి, ఒక కాగితం మీద రాసివ్వు. మెసేజ్‌లో వచ్చిన లింకు నుంచి కాకుండా ఆ కాగితం చూసి టైప్ చేయమను.

ఇక నీ పని. హాల్‌టికెట్‌కు తొందర ఉంటే డెస్క్‌టాప్ బాగయ్యేదాకా ఆగకు, మీ ఇంట్లో కొత్త ఫోన్ ఎవరిదైనా తీసుకుని మొబైల్ డేటాలో తెరువు. పీడీఎఫ్ సేవ్ చేసుకుని నెట్ సెంటర్‌లో ప్రింట్ మాత్రం తీయించు. అక్కడి సిస్టమ్‌లో అక్క రిజిస్ట్రేషన్ నంబరు, పుట్టిన తేదీ టైప్ చేయాల్సిన అవసరమే రాదు. ఫోన్‌లోనూ ఆ ఒక్క సైటే వార్నింగ్ ఇస్తే అడ్రస్ మళ్లీ నీ చేత్తో టైప్ చేసి చూడు. అప్పటికీ వస్తే తప్పు వాళ్లది, హాల్‌టికెట్ మీద గడువు ఒత్తిడి లేకపోతే మర్నాడు చూడు, ఉంటే పరీక్ష వాళ్ల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చెయ్. నాన్న ఖాతా పని మాత్రం ఆ డెస్క్‌టాప్ పూర్తిగా బాగయ్యాకే.

సెల్ మార్చి, తేదీ సరిచేశాక కూడా ఎర్ర త్రిభుజం పోకపోతే విండోస్ ఏ వెర్షనో, ఏ యాంటీవైరస్ ఉందో, మొబైల్ హాట్‌స్పాట్ పెట్టి చూస్తే వస్తోందో లేదో రాయి. ఆ పేజీలోని చిన్న అక్షరాల కోడ్ ఫొటో కూడా పెట్టు, చూసి చెబుతా.